ఎంపిక చేసేవారే ఫిర్యాదు వినేవారైతే

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల ఆటలనగానే మనం గ్రౌండు ఉందా, బూట్లున్నాయా, ఇంట్లో పంపిస్తారా అనే మాట్లాడుకుంటాం. ఇవాళ నేను మరో ప్రశ్న అడగదలచుకున్నాను. గ్రౌండు దాకా వచ్చిన పిల్లకి అక్కడ నోరు విప్పే ధైర్యం ఉందా?

కబడ్డీ చూడండి. కూతకు వెళ్ళి పట్టుబడిన పిల్ల బయటికొస్తుంది. తోటివాళ్ళు అవతలివాళ్ళని అవుట్ చేస్తే మళ్ళీ బరిలోకి దిగుతుంది. ఓడినదాన్ని జట్టే వెనక్కి తెచ్చుకోవాలన్నది ఆ ఆట నియమం. ఆట అయ్యాక చాలాచోట్ల జరిగేది వేరు. అందరి ముందూ తిట్లు, ఒంటిమీదా రంగుమీదా కులంమీదా మాటలు. దాంతో ఆ పిల్ల మోకాలి నొప్పి దాస్తుంది. నెలసరి అని చెప్పదు. ఒంటిమీద చెయ్యి పడినా చెప్పదు. జట్టులో చోటు, హాస్టల్ సీటు, క్రీడా కోటా అన్నీ ఒకే మనిషి మాటమీద ఆధారపడినప్పుడు ఎలా చెబుతుంది?

కఠినంగా ఉంటేనే గెలుస్తారని కొందరంటారు. అమెరికా మహిళా ఫుట్‌బాల్ లీగులో 2021లో క్రీడాకారిణులు తమపై జరిగిన వేధింపులను బయటపెట్టారు. తిట్లను శిక్షణలో భాగంగా చూసే అలవాటు పిల్లల జట్లలోనే మొదలవుతోందని 2022 అక్టోబరులో వచ్చిన విచారణ నివేదిక చెప్పింది. మన దగ్గర 2023లో పతకాలు తెచ్చిన మల్లయోధురాళ్ళే జంతర్ మంతర్ దగ్గర కూర్చోవలసి వచ్చింది. మరి మండల జట్టులోని పదమూడేళ్ళ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి?

చట్టాలున్నాయి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం క్రీడా సంస్థలకూ స్టేడియాలకూ వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. కానీ తిట్టు దగ్గరే ఆపాలంటే మనం పూనుకోవాలి.

మనం పట్టుబట్టవలసినవి నాలుగు. జట్టును ఎంపిక చేసేవారు ఫిర్యాదులు వినకూడదు, అందుకు బయటి మహిళ ఉండాలి. పోటీలకు వెళ్ళేటప్పుడు జట్టు వెంట ఒక మహిళ ఉండాలి. ఆట అయ్యాక ముందు పిల్లలు మాట్లాడాలి, ఆఖరున కోచ్ మాట్లాడాలి. ఫిర్యాదు చేసిందన్న కారణంతో ఏ పిల్లనీ జట్టులోంచి తీసెయ్యకూడదు.

మీ ఊళ్ళో బడికి వెళ్ళినప్పుడు ఆడుతున్న పిల్లలనే కాదు, మధ్యలో ఆట మానేసిన పిల్లలనీ కలవండి. ఎందుకు మానేశారో అడగండి. తొందరపెట్టకుండా వినండి.