జల్లెడ యంత్రము నెన్నుకొనుట
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

ఏటేట నీ మహాసభయందు విద్యావిషయమున మాటలాడు పని మాకు ఒప్పగింపబడుచున్నది. ఈ సంవత్సరమును కార్యదర్శిగారు అదియే కోరిరి. మేము వారి యనుమతితో వేరొక విషయమును గైకొంటిమి. గడచిన కొన్ని యేండ్లుగా మన యువకులు నలుగురైదుగురు చొప్పున జతగూడి, పొలములు తాకట్టు పెట్టియు, ఇంటి యాడువారి బంగారము కుదువబెట్టియు, కదలు జల్లెడ యంత్రములను కొనుచున్నారు. వారిలో ననేకులు మాయొద్ద చదివినవారు. విక్రేత లిచ్చు పత్రములను, బ్యాంకువారి కాగితములను చదివి యర్థము చెప్పుమని మా యింటికి వచ్చుచుందురు. ఆ విధముగా నీ విషయము మాకు పరిచితమైనది. కొని బాగుపడినవారిని చూచితిమి. కొని చితికినవారిని చూచితిమి. ఇరువురి తెలివియు నొక్కటియే, కష్టమును నొక్కటియే. భేదమెల్ల యంత్రమును కొనుటకు ముందు చేసిన పనిలో నున్నది.

మన వడ్డెర కులమునకు రాయి క్రొత్తది కాదు. 1909లో ప్రకటితమైన థర్‌స్టను దొర గ్రంథమున మనవారిని రాతిపని వారనియు, మట్టిపని వారనియు విభజించి వ్రాసిరి. జల్లెడయు లోకమునకు క్రొత్తది కాదు. సంస్కృతమున దానికి చాలని యనియు, తితఉ వనియు పేర్లు. తితఉ వను మాటలో రెండచ్చులు సంధి లేక ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. అట్టి పదము లా భాషయందు మిక్కిలి యరుదు. ఋగ్వేదమున ధీమంతులు పేలపిండిని జల్లెడతో శుద్ధి చేసినట్లు వాక్కును మనస్సుతో శుద్ధి చేసిరని యొక పోలిక కలదు; పతంజలి మహర్షి వ్యాకరణ మహాభాష్య ప్రారంభముననే దానిని గ్రహించెను. వ్యాకరణము చదువుకొన్న పంతులు జల్లెడను గూర్చి మాటలాడనేల యని యెవరైన నడిగినచో మా సమాధాన మిది.

ఇక యంత్రమును గూర్చి. ఎరుగనివారి కొరకు రెండు మాటలు చెప్పెదము. లోడరు గాని ప్రొక్లెయిను గాని తెచ్చి పోసిన రాతిని హాపరు గ్రహించును. దాని యడుగుననున్న బెల్టు ఆ రాతిని పైకి గొనిపోయి జల్లెడపెట్టెలో వేయును. ఆ పెట్టెలో నొకదాని క్రింద నొకటిగా రెండో మూడో జాలీలు వాలుగా బిగింపబడియుండును. ఈ యంతస్తులనే డెక్కు లందురు. పెట్టె యెడతెగక కంపించుచుండును. ఏ జాలిపై నిలిచిన రాయి యా జాలి కొసనుండి తన బెల్టు మీదికి పోయి వేరు కుప్పగా పడును. ఇంతయు డీజిలు ఇంజనుతో నడచుచు, చైన్లపై గాని చక్రములపై గాని కదలును. ఇది రాతిని వేరుచేయునే గాని బద్దలుకొట్టదు. బండలకై తీసిన గనులచెంత, చీమకుర్తిలో గాని కరీంనగరు ప్రాంతమున గాని, కొండలవలె పడియున్న వ్యర్థపు దిమ్మెలను చూచి, జల్లెడ యొకటి యున్నచో నదియంతయు కంకరయగునని తలచు యువకులు గలరు. ఆ దిమ్మెలకు ముందు క్రషరు కావలెను. జల్లెడ దాని తరువాతి మాట.

ఈ యంత్రములలో రెండు జాతులు గలవు. ఒకటి మొరటుజాతి. మట్టి, గరుసు, గుండురాళ్లు కలగలసిన సరకును దీనిలో పోయవచ్చును. దీని పై డెక్కున తీగజాలికి మారుగా దళసరి యినుపపలకలకు కన్నులు కొట్టియో, ఇనుపవ్రేళ్లు బిగించియో యుందురు. దీనిని స్కాల్పింగు జల్లెడ యందురు. రెండవది సన్నజాతి. క్రషరునుండి వచ్చిన రాతిని 20, 12, 6 మిల్లీమీటర్ల చిప్సుగాను, డస్టుగాను పరిశుభ్రముగా వేరుచేయుటకు ఏర్పడినది. చూపునకు రెండును నొక్కరీతిగనే యుండును. పత్రములలోని చిత్రములును నట్టివే. మే మెరిగిన యొక జట్టువారు మూడు డెక్కుల సన్నజాతి యంత్రమును తెచ్చి, కొండపై పొరలోని మట్టితో గుండ్లతో కూడిన సరకును దానిలో పోసిరి. గుండ్లు పడి జాలి చినుగును, క్రొత్తజాలి వేయుదురు, అదియు చినుగును. విక్రయించినవాడు వారి కొండను చూడనైన లేదు. చూడుమని వారు నడుగలేదు. ఎనిమిది నెలలలో నా జట్టు విడిపోయినది. అన్నదమ్ములు మాటలాడుకొనుట మానిరి. రెండు డెక్కుల మొరటు యంత్రమైనచో నా కొండయే వారికి అన్నము పెట్టియుండును.

కావున మొదట చూడవలసినది మన కుప్ప, పత్రము పిమ్మట. కుప్పను చూచుటకు గొప్ప విద్య యక్కరలేదు. కుప్ప పైననుండియు, నడుమనుండియు, అడుగునుండియు, ప్రక్కలనుండియు కొంచెము కొంచెముగా రాతిని దీసి యొకచోట పోసి కలుపవలెను. ఆ కుప్పను చదును చేసి నాలుగు భాగములుగా గీచి, ఎదురెదురు భాగములు రెండు నుంచుకొని తక్కిన రెండును పారవేయవలెను. నూరు కిలోలు మిగులువరకు నట్లు చేసి, ఎండబెట్టి, 40, 20, 10, 4.75 మిల్లీమీటర్ల కన్నులుగల చేజల్లెడలతో వరుసగా జల్లించి, ఏ జల్లెడపై నెంత నిలిచెనో తూచి వ్రాసికొనవలెను. ఒకనాటి పని. ఈ నాలుగైదంకెలు చేతనున్నవానిని ఏ విక్రేతయు సులభముగా మోసగింపలేడు. వానకాలమున నొకసారి, వేసవియం దొకసారి చేసినచో మరియు మంచిది.

ఆ యంకెలు చెప్పు సంగతి యేమనగా, భార మెచ్చటికి పోవుచున్నదో. నూటికి నలుబదియైదు పాళ్లు 4.75 కన్నునుండి జారిపోవునదైనచో నా సన్నపు సరకంతయు చిట్టచివరి డెక్కు గుండ పోవలెను. చివరి డెక్కు కన్నులు చిన్నవి. తీగయే చాల స్థలము నాక్రమించును. అచ్చటనే పని మందగించును. కన్నులో సగముకంటె చిన్నదైన రాయి యిట్టే జారును. కన్నునకు సరిగా సమానమైన రాయి యెగిరెగిరి పడుచు, తుదకు కన్నులోనే యిరుకును. మీ కుప్పలో నట్టి సరిసమానపు రాయి హెచ్చుగా నున్నచో పత్రములో చెప్పిన లెక్కలో సగమైన రాకపోవచ్చును. జాలిపై సరకు మందము, అది జారిపోవు కొసయందు, కన్ను కొలతకు నాలుగురెట్లు మించరాదని యీ పనిలో నారితేరినవారు పాటించు నొక కొలత కలదు. 5 మిల్లీమీటర్ల కన్నుపై రెండంగుళముల మందమున సరకు పారుచున్నచో పై సరకు జాలిని తాకకయే పోవుచున్నదని తెలియవలెను. వాలును లెక్కింపదగినదే. వాలుగా నున్న జాలి కన్ను పైనుండి పడు రాతికి చిన్నదై కనబడును. 20 మిల్లీమీటర్ల చిప్సు కావలెనన్న 22 గాని 23 గాని కన్ను వేయుట యందువలననే.

గంటకు మూడువందల టన్నులని పత్రమున నుండును. అది యసత్యము కాదు. తేలికగా జారు పొడిసరకునకు, పెద్ద కన్నులకు, ఎడతెగక పోయువానికి సత్యమే. మనవారి సంగతి వేరు. ఒక లోడరు బకెట్టున మూడు టన్నులు పట్టునని యనుకొందము. కుప్పనుండి తెచ్చి పోసి మరలుటకు నిమిషమున్నర. గంటకు నలువది మారులు. అనగా నూటయిరువది టన్నులు. మూడువందల టన్నుల యంత్రమునకు వడ్డీ కట్టుచు నూటయిరువది టన్నులు జల్లించుట కాపు లేని తోటకు గోడ కట్టుట వంటిది. ముందు క్రషరున్నచో దాని లెక్కయే జల్లెడ లెక్క. మాయొద్ద గణితమున వెనుకబడిన పిల్లవాడొకడు ఈ లెక్కను విక్రేత యెదుట నోటితో వేసి, చిన్న యంత్రము నడిగి తెచ్చుకొన్నాడు. మాకు కలిగిన సంతోష మింతయని చెప్పజాలము.

తరువాత, కొనువా రెవరు? ఈ ప్రశ్న డెక్కుల సంఖ్యను తేల్చును. రెండు డెక్కులకు మూడు కుప్పలు, మూడు డెక్కులకు నాలుగు కుప్పలు. నాలుగవ కుప్పకు గిరాకి లేనిచో నది స్థలమును తినుచు పడియుండును. కాంక్రీటునకై 20 మిల్లీమీటర్ల కంకర నమ్మువారు 2016లో సవరింపబడిన భారతీయ ప్రమాణము 383ను తెలిసికొనవలెను. దాని ప్రకారము ఒకే కొలతగల 20 మిల్లీమీటర్ల కంకరలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు తక్కువ గాకుండ 20 కన్నునుండి జారవలెను. 10 కన్నునుండి జారునది ఇరువదికి, 4.75 నుండి జారునది అయిదునకు మించరాదు. రైలుదారి కంకర వేరు: 65 జల్లెడపై నూటికి అయిదునకు మించి నిలువరాదు, 40పై నలువది మొదలు అరువది వరకు నిలువవలెను, 20పై తొంబదియెనిమిదికి తగ్గరాదు. ఈ రెండు పనులకును జాలీలే కాక పనియొక్క నడకయే వేరు. నేడు రోబోశాండు గిరాకి చూచి డస్టును జల్లించి యిసుకగా నమ్ముదుమనువారు గలరు. పిండివంటి మెత్తని పొడిని పొడిజల్లెడ తీయలేదు. అందులకు వేరు యంత్రము కావలెను. ఈ మాట పత్రములలో పెద్దయక్షరములతో నుండదు.

తడి విషయము మరువరాదు. బంకమట్టి కలిసిన సరకు తడిసినచో సన్న కన్నులన్నియు పూడి జల్లెడ పలకవలె నగును. రబ్బరు, పాలీయురితేను జాలీలు తీగజాలికంటె చాల కాలము మన్నును. వంగుచుండుటచే కొంత పూడికను రాల్చుకొనును. కాని వానిలో కన్నుల స్థలము తక్కువ, వెల యెక్కువ. గట్టి గ్రానైటు గలచోట పై డెక్కునకు రబ్బరును, క్రింది డెక్కునకు తీగయు వేసికొన్న జట్టువారు సుఖముగా నున్నారు.

చైన్లా, చక్రములా, లేక కదలని జల్లెడయా? నెలకొక కొండకు పోవువానికి చైన్ల బండి తగును. ఒక గనిలోనే ముందునకు జరుగుచుండువానికిని తగును. రోడ్డున మాత్రము చైన్ల బండి తానై పోదు. ట్రైలరుపై నెక్కింపవలెను, ఆ బాడుగయు లెక్కలో వేయవలెను. మూడేండ్లు ఒక్కచోటనే నడపు తలంపున్నచో కదలు యంత్రమేల? కరెంటు మోటారుతో నడచు స్థిరమైన జల్లెడ వెలయు తక్కువ, నిత్యవ్యయమును తక్కువ. కదలునది గొప్ప యను భ్రమ మన యువకులలో కలదు. పెండ్లియూరేగింపునకు బండి కదలవలెను గాని జల్లెడకు నిబంధన లేదు.

విడిభాగముల మాట. ఐర్లండు ఉత్తరభాగమున పుట్టిన పవర్‌స్క్రీన్ యంత్రములను నడపు టెరెక్సు కంపెనీకి తమిళనాడునందలి హోసూరులో కర్మాగారము కలదు. హైదరాబాదునందు పుజోలానా వారు గలరు. ఎవరివి మంచివని మే మెంచము. బేరింగు పోయిన మూడవనాడు మీ గనికి బేరింగుతో మనిషి రాగలడా యని మాత్రము విచారింపుడు. అదే యంత్రమును నడపుచున్న పొరుగువారిని, విక్రేత లేనప్పుడు, అడుగుడు. పాతయంత్రమును కొనువారు గంటల మీటరును నమ్మరాదు. జల్లెడపెట్టె ప్రక్కపలకలపై బేరింగులచుట్టు మసి తుడిచి పగుళ్లను వెదకుడు. క్రొత్తరంగు వేసినచోట మరియు వెదకుడు. చైన్ల పండ్లను చూడుడు. మీ రాతినే పోసి నాలుగు గంటలు నడిపించి, పిమ్మట బేరింగుల వేడిని గమనింపుడు. ఖాళీగా తిప్పి చూపు యంత్ర మేది యైనను చక్కగనే తిరుగును.

దుమ్ము విషయమున కొంచెము నిలువవలసియున్నది. గ్రానైటులో స్ఫటికమున్నది, దాని మెత్తనిపొడి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధి పుట్టించును. అది వచ్చిన తరువాత కుదుర్చు మందు లేదు. మన యిండ్లలో యేబదియేండ్లు నిండకయే దగ్గుచు పోయినవారికి క్షయయని పేరుపెట్టి యూరకుంటిమి. వారిలో నెందరిది రాతిదుమ్మో యెవరు చెప్పగలరు? మూతికి చుట్టిన తువ్వాలు ఆ సన్నపొడి నాపజాలదు. కావున బెల్టు కొసలయందు నీటితుంపరలును, జల్లెడపెట్టెకు మూతయు నున్న యంత్రమునే కొనవలెను. అవి వేరుగా కొనుడని చెప్పినచో వానివెల కలిపియే బేరమాడవలెను. నీరు హాపరులో పోసినచో జాలి పూడును. బెల్టు కొసలయందు మంచువలె చల్లవలెను.

మరియొకటి. యంత్రము వచ్చినచోట చేజల్లెడ పట్టుచుండిన స్త్రీల కూలి పోవును. వారి బంగారమే కుదువకు పోయినది; పత్రములలో మాత్రము భాగస్థులుగా మగవారి పేర్లే. బంగారమిచ్చిన స్త్రీ పేరు భాగస్థుల పత్రమున లేనిచో ఈ సంఘము హామీ సంతకము చేయరాదని మా యభిప్రాయము. దీనిని రేపటి కార్యనిర్వాహకసభలో తీర్మానముగా నుంచితిమి. కొందరు పెద్దలు సమ్మతింపరని యెరుగుదుము.

అప్పు మాట. ఐదేండ్ల అప్పు తీసికొనుటకు ముందు గని లీజు ఎన్నేండ్లు మిగిలియున్నదో చూడవలెను. మూడేండ్ల లీజుకు ఐదేండ్ల అప్పు కట్టుకొన్నవారు మా యెరుకలో నిరువురు గలరు. కడపటి రెండేండ్లు కూలికి పోయి వాయిదాలు కట్టుచున్నారు. వాయిదాల లెక్కలో వానకాలపు మూడునెలలు పని సగమని వేసికొనుడు.

చేజల్లెడలు నాలుగును, ఒక త్రాసును తెప్పించి పందిరి వెనుక నుంచితిమి. రేపు ప్రాతఃకాలమున ఏడుగంటలకు మే మచ్చట నుందుము. యంత్రము కొనదలచినవారు తమ కుప్పనుండి, మేము చెప్పినరీతిగా తీసిన రాతిని రెండు బస్తాలైన తెప్పించుకొన్నచో కలిసి జల్లించి తూచి, అంకెలను కాగితముపై వ్రాసి యిచ్చెదము.