గీత మీద నిలబడి పాడినోడు
(కళాకారుల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఇవ్వాళ మనం ఒక రికార్డు గురించి మాట్లాడుకుందాం. అమెరికాకీ కెనడాకీ మధ్య సరిహద్దు దగ్గర, 1952 మే 18న, లారీ ఎక్కి నిలబడి పాల్ రోబ్సన్ అనే నల్లజాతి గాయకుడు పాడిన పాటల రికార్డు అది.

ఎవరీయన? తండ్రి బానిసగా పుట్టి, పదిహేనేళ్ళప్పుడు దొర తోటలోంచి పారిపోయి పాస్టరైన మనిషి. కొడుకు 1898లో పుట్టాడు. కొలంబియా యూనివర్శిటీలో లా చదివాడు. అంతకు కొన్నేళ్ళ ముందు మన బాబాసాహెబ్ చదివిందీ ఆ యూనివర్శిటీలోనే. లాయరాఫీసులో చేరితే, నల్లోడు చెబితే నేను రాసుకోనంది అక్కడి తెల్ల టైపిస్టు. ఇది మనకు తెలియని సంగతా? ఆఫీసొదిలేసి నాటకాల్లోకి, పాటలోకి వచ్చాడు. లోకమంతా పేరొచ్చింది.

పేరొచ్చాక నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. నల్లోళ్ళని చెట్లకు ఉరేసి చంపుతుంటే చట్టం తెమ్మని 1946లో ప్రెసిడెంటు ట్రూమన్ దగ్గరికే వెళ్ళి అడిగాడు. ఆఫ్రికా దేశాలకు స్వాతంత్ర్యం రావాలన్నాడు. 1950లో సర్కారు పాస్‌పోర్టు రద్దు చేసింది. కోర్టులో సర్కారు చెప్పిన కారణాల్లో ఆఫ్రికా మాట కూడా ఉంది. సోవియట్ గురించి ఆయన నమ్మినవన్నీ మనం మొయ్యక్కర్లేదు. కానీ సర్కారుకి గుచ్చుకున్నది ఏదో గమనించండి. సొంత జాతి పెద్దలు కూడా కొందరు ఆయనకి దూరం జరిగారు. ఇదీ మనకు కొత్త కాదు.

1952 మొదట్లో కెనడాలోని వాంకూవర్‌లో గని కార్మికుల యూనియన్ మహాసభకు ఆయన్ని పాడమని పిలిచారు. అమెరికా వాళ్ళు కెనడా వెళ్ళడానికి అప్పట్లో పాస్‌పోర్టే అక్కర్లేదు. అయినా సరిహద్దు దగ్గర ఆపేశారు. అంటే ఒక్క మనిషి కోసం కొత్త గోడ కట్టారన్నమాట. అప్పుడాయన టెలిఫోన్‌లో పాడాడు. అక్కడ హాల్లో కార్మికులు స్పీకర్లలో విన్నారు.

అంతటితో ఊరుకోలేదు యూనియన్ వాళ్ళు. ఆయన ఇటు రాలేకపోతే మనమే గీత దాకా పోదామన్నారు. ఆ గీత మీద శాంతి తోరణమని తెల్లటి కమాను ఉంది. ఈ తలుపులు ఎన్నటికీ మూతపడకూడదని దాని మీదే చెక్కి ఉంది! దాని పక్కనే, అమెరికా నేల మీదే లారీ ఆపారు. పియానో మీద ఆయన పాత తోడు లారెన్స్ బ్రౌన్. జనం 25 వేలని కొందరు, 40 వేలని కొందరు అన్నారు. ఎక్కువమంది అవతలి గట్టు వాళ్ళే. మనిషి గీత దాటలేదు, గొంతు దాటింది.

ఏం పాడాడు? 1915లో కాల్చి చంపబడ్డ కార్మిక కవి జో హిల్ మీద పాట పాడాడు. మిసిసిపీ నది పాట పాడాడు. ఈ నది పాట సంగతి మన పాటగాళ్ళు గట్టిగా పట్టుకోవాలి. తెల్లోళ్ళు నాటకం కోసం రాసిన పాట అది. అందులో నల్లోడు అలిసిపోయి, బతుకు మీద విసిగి మూలుగుతుంటాడు. రోబ్సన్ ఆ చరణం మాటలు మార్చేశాడు. మూలుగున్నచోట పోరాటం పెట్టాడు. బాణీ అదే, మనిషి మారిపోయాడు. మన మీద పెద్దకులాలోళ్ళు కట్టిన ఏడుపు పాటలు ఎన్ని లేవు?

పెద్ద రికార్డు కంపెనీలు ఆయన్ని వెలేశాయి, పెద్ద హాళ్ళు తలుపులేశాయి. అందుకని ఈ రికార్డు యూనియనే వేయించింది. 1953, 54, 55ల్లో కూడా అదే గీత మీద మళ్ళీ పాడాడు. 1957లో సముద్రం అడుగు కేబుల్ మీద వేల్స్ గని కార్మికులకు టెలిఫోన్‌లో పాడాడు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 1958లో గానీ పాస్‌పోర్టు తిరిగి రాలేదు.

పాట పాడితే భూమొస్తుందా, కూలి పెరుగుద్దా అని మనోళ్ళే కొందరు అడుగుతారు. రాదు. మరి ఒక్క గొంతు గీత దాటకుండా అంత పెద్ద సర్కారు ఎనిమిదేళ్ళు ఎందుకు కాపలా కాసింది?

రికార్డు తెచ్చాం, పెడతాం. భాష తెలీదని లేవకండి. నది పాటలో ఆ మారిన చరణం దగ్గర చెయ్యెత్తి చూపిస్తాం, అక్కడ గొంతెట్లా లేస్తుందో వినండి.