రక్త పరీక్ష తేల్చేది, తేల్చలేనిది



మన సంస్థ ఖర్చు చేసే ప్రతి రూపాయీ మీరు మా చేతిలో పెట్టిన అమానత్. అందుకే ఈ ఏడాది మన ముందుకు వచ్చిన ఒక ప్రశ్నను మీతో పంచుకుంటున్నాం. కుదురుగా కూర్చోలేని, చెప్పిన పని మధ్యలోనే వదిలేసే పిల్లలకు రక్త పరీక్ష చేయించి, ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేల్చే శిబిరం పెట్టవచ్చు కదా అని కొందరు దాతలు అడిగారు. ఉద్దేశం మంచిదే. కాని ఏడీహెచ్‌డీని తేల్చి చెప్పే రక్త పరీక్ష ఇప్పటికీ లేదు.

ఈ సమస్య నూటికి దాదాపు ఐదుగురు పిల్లల్లో ఉంటుందని ప్రపంచవ్యాప్త అంచనా. వైద్యులు దీన్ని మాటలతో, పరిశీలనతో గుర్తిస్తారు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. కనీసం 6 నెలలుగా కొనసాగుతుండాలి. ఇంట్లో, బడిలో రెండు చోట్లా కనిపించాలి. చదువుకో, స్నేహాలకో అడ్డు పడుతుండాలి. అంటే ఇక్కడ తల్లి చెప్పే మాట, టీచర్ చెప్పే మాట ల్యాబ్ రిపోర్టు కంటే విలువైనవి.

మరి రక్తంలో ఏ జాడా లేదా? పరిశోధకులు వెతుకుతూనే ఉన్నారు. మెదడులో డోపమిన్ తయారు కావాలంటే ఇనుము కావాలి. శరీరంలో ఇనుము నిల్వను తెలిపేది ఫెరిటిన్. 2004లో పారిస్ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 53 మంది పిల్లలను, లేని 27 మందిని పోల్చారు. ఫెరిటిన్ 30 కంటే తక్కువ ఉన్నవారు మొదటి గుంపులో 84 శాతం, రెండో గుంపులో 18 శాతం. తేడా పెద్దదే. అయినా సమస్య లేని పిల్లల్లోనూ కొందరికి ఫెరిటిన్ తక్కువగా ఉంది, సమస్య ఉన్నవారిలోనూ కొందరికి సరిపడా ఉంది. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి ఏ బిడ్డకూ పేరు పెట్టలేం.

అలాగని రక్త పరీక్షలు వృథా అనడం లేదు. వాటి పని వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన బిడ్డ అలసిపోతాడు, పాఠం మీద మనసు నిలపలేడు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, డాక్టర్ అవసరమన్నప్పుడు థైరాయిడ్ పరీక్ష చేయిస్తే నయం చేయగల లోపం బయటపడుతుంది. అయితే పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు ఇవ్వకండి. మోతాదు మించితే చిన్నపిల్లలకు ప్రాణాపాయం.

మన ఇళ్లకు సంబంధించిన మాట ఇంకొకటి. కొన్ని రకాల సుర్మాలో సీసం ఉంటుంది. పిల్లలు కళ్లు నులుముకుని వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. సీసం మెదడుకు హాని చేస్తుంది, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. పిల్లల విషయంలో ఇంత వరకు పరవాలేదు అనే మోతాదు లేదు. ఇనుము తక్కువైన ఒంట్లోకి సీసం మరింత సులువుగా చేరుతుంది. పసిపిల్లలకు సుర్మా మానేయడానికి ఒక్క పైసా ఖర్చు కాదు.

ఇక మీ సొమ్ము ఎక్కడ పెట్టాలి? ఖరీదైన పరీక్షల ప్యాకేజీల మీద కాదు. మొదట చూపు, వినికిడి, రక్తహీనత పరీక్షలు జరగాలి. సరిగ్గా వినపడని పిల్లవాడు కూడా మాట వినని పిల్లవాడిలాగే కనిపిస్తాడు. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలున్నాయి. అక్కడికి తీసుకెళ్లే తోడు, దారి ఖర్చులు, తండ్రి ఆ రోజు వదులుకునే కూలి మనం భరిద్దాం. తరువాత తల్లిదండ్రులకు శిక్షణ ఇప్పిద్దాం. ఆరేళ్లలోపు పిల్లలకు మందుల కంటే ముందు వైద్యులు సూచించేది అదే. ఒకసారి ఒకే పని చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, రోజూ ఒకే వేళకు పడుకోబెట్టడం వంటివి నేర్చుకుంటే వచ్చేవే.

మదర్సాలో గాని బడిలో గాని ఇలాంటి బిడ్డను మొండివాడని బెత్తంతో కొడితే కుదురు రాదు, భయం వస్తుంది. వాణ్ని ముందు వరుసలో కూర్చోబెట్టే గురువును, వాడి మాట ఓపికగా వినే డాక్టర్‌ను వాడికి చేరువ చేయడమే ఈ ఏడాది మేము మిమ్మల్ని అడుగుతున్న సాయం.