తగ్గిన బరువును నిలుపుకొనుట

బరువు తగ్గించుకొను మార్గములను బోధించువారికి నేడు కొదువ లేదు. తగ్గినవాడు మరునాటి ఉదయమున ఏమి తినవలెనో చెప్పువారు మాత్రము అరుదు. ఆ మరునాటి సంగతినే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. మేము వైద్యులము కాము; ఆ దారిని నడచి, నడుమ ఒకమారు కాలు జారి, మరల లేచినవారము మాత్రమే.

నిరుడు ఒక పట్టణ వైద్యశాలలో, వైద్యులును ఆహారనిపుణులును కలసి నడపు ఆహారనియమమున చేరి, నాలుగు మాసములలో 14 కిలోలు తగ్గితిమి. ఆ నాలుగు మాసములును మాకు ఆలోచింపవలసిన పని లేకపోయెను. ఏ పూట ఏమి తినవలెనో కాగితముపై వ్రాసి యిచ్చెడివారు. ప్రతి సోమవారము తూకము. తప్పినచో అడుగువారుండిరి, ఆకలియైనచో మొరపెట్టుకొనుటకును వారే యుండిరి. కడపటి దినమున మా దస్త్రమును మూసి, అభినందించి, "ఇక మీరు అన్నీ తినవచ్చును, మితముగా" అని పంపిరి. మితమనగా ఎంత? ఆ ప్రశ్న మాకు బస్సులో కూర్చున్న పిమ్మట గాని తోచలేదు.

ఆ వారముననే ఉగాది. పండుగకు స్వగ్రామమైన దొర్నిపాటికి వెళ్ళితిమి. అది ఆళ్ళగడ్డకు, కోయిలకుంట్లకు నడుమనున్న ఊరు; 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. నల్లరేగడి నేల, కె.సి. కాలువ ఆయకట్టు. అరుగుమీద కూర్చున్న మా పెద్దమ్మ మమ్ము చూచి చేతిలోని చేట క్రింద పెట్టి, "ఏం నాయనా, ఇట్ల చిక్కిపోతివి? ఒంట్లో ఏమన్నా బాగలేదా? పట్నంలో కూడు పెట్టరా నీకు?" అనెను. మేము నాలుగు మాసములు శ్రమించి సంపాదించినది ఆమె కంటికి వ్యాధివలె కనబడినది.

ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. మా సీమలో చిక్కుట అనగా కరువు. మా ఊరికి సమీపముననే ఉయ్యాలవాడ యున్నది. 1866 నాటి కరువులో ఆ ఊరి బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి ప్రాణములు నిలిపిరి. విక్టోరియా రాణి పతకము పంపినది. ఆయన పేరు మా పెద్దలు నేటికిని చెప్పుకొందురు. ఒకరికి అన్నము పెట్టుటకన్న గొప్ప పని లేదని నమ్మిన ఇండ్లలో, పెట్టిన అన్నమును వద్దనుట మర్యాద కాదు. పైగా మా తాతల నాడు ప్రతిదినపు కూడు జొన్నరొట్టె, జొన్నసంగటి, కొర్రన్నము. వరియన్నము పండుగనాటి మాట. కాలువ నీటివలన కొంత, 1983లో వచ్చిన కిలో 2 రూపాయల బియ్యమువలన కొంత, పండుగనాటి అన్నము మూడు పూటల అన్నమైనది. దానిని తగ్గించుమనుట మా పెద్దమ్మకు వచ్చిన కలిమిని పోగొట్టుకొమ్మనుట వలెనే తోచియుండును.

మొదటి భక్ష్యమును వద్దంటిమి. "పెద్దమ్మ మాట తీసేయొద్దురా" అని మా అన్న గొణిగెను. తింటిమి. నెయ్యి వేసిన పిమ్మట రెండవదానిని వద్దనుటకు మాకే మనస్సు రాలేదు. మరునాడు ఉగ్గాని, బజ్జి. ఆ మరునాడు పొలమున జొన్నరొట్టె, ఊరిబిండి. పిదప ఒక పెండ్లి. పది దినములకు పట్టణమునకు వచ్చి తూగగా 3 కిలోలు పెరిగియున్నవి. సిగ్గుపడి తూకపు యంత్రమును మంచము క్రిందికి త్రోసివేసితిమి. మా కథలో అన్నిటికన్న పెద్ద తప్పు ఇదియే, భక్ష్యములు కావు.

తరువాత తెలిసినదేమనగా, ఆ మూడు కిలోలలో చాల భాగము క్రొవ్వు కాదు. అన్నము, తీపి తగ్గించినపుడు శరీరము కండలలోను కాలేయములోను దాచిన పిండిపదార్థపు నిలువ ఖర్చగును. ఆ నిలువతోపాటు దానికి అనేక రెట్లు బరువుగల నీరును పోవును. మరల అన్నము తినగనే రెండును తిరిగి వచ్చును. ఇది ముందే తెలిసియున్నచో అంతా అయిపోయినదని నిరాశపడి యుండెడివారము కాము. నిరాశపడినవాడు ఇంకను ఎక్కువ తినును. ఆ సంగతి చెప్పుటకు శాస్త్రజ్ఞులు అక్కరలేదు.

అయినను శాస్త్రజ్ఞులు చెప్పినది కొంత వినదగినది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను ఆయన 1944-45లో 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, 24 వారములు అర్ధాకలితో నుంచి పరిశీలించెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గినది. నియమము ముగిసిన పిమ్మట వారిలో పలువురు కడుపు నిండినను ఆకలి తీరక మాసములకొలది తినుచునే యుండిరి. వారు తిండిపోతులు కారు, ఎన్నుకొనబడిన ఆరోగ్యవంతులు. ఇక ఆస్ట్రేలియా వైద్యులు 2011లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, బరువు తగ్గిన ఏడాది పిమ్మట కూడ ఆకలిని పెంచు స్రావములు హెచ్చుగను, తృప్తి నిచ్చునవి తక్కువగను ఉండెను. పత్యము ముగిసినదని వైద్యుడు చెప్పును. శరీరమునకు ఆ మాట వినబడదు. అది కరువు ఇంకను నడచుచున్నదనియే తలచి, మా పెద్దమ్మవలె, "తిను, తిను" అనుచుండును.

ఇందులో ఒక లెక్క యున్నది. తగ్గిన ఒక్కొక్క కిలోకు శరీరము దినమునకు చేయు ఖర్చు సుమారు 20 నుండి 30 కెలోరీలు తగ్గునని 2016లో ఒక పరిశోధనలో తేల్చిరి. ఆకలి మాత్రము కిలోకు సుమారు 100 కెలోరీల వంతున పెరుగునట. మా 14 కిలోలకు లెక్కించినచో ఖర్చులో తగ్గుదల దినమునకు 350 కెలోరీలు, అనగా ఇంచుమించు 100 గ్రాముల బియ్యము. పూర్వపు బరువుతో నున్నప్పుడు తిన్న తిండిలో ప్రతిదినము ఆ 100 గ్రాముల బియ్యమును తగ్గించియే తినవలెను. అదియు మునుపటికన్న ఎక్కువ ఆకలితో. ఎన్ని దినములు? మాకు తెలిసినంతలో, దీనికి గడువు లేదు. ఈ సంగతి మొదట విన్నపుడు మాకు కోపము వచ్చినది. పిమ్మట కొంత ఊరటయు కలిగినది. బరువు తిరిగి వచ్చుట మనోదౌర్బల్యమని ఇరుగుపొరుగువారు అనునపుడు నమ్మనక్కరలేదు గదా.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. బియ్యము మాని కొర్రలు, జొన్నలు తినినచో ఎంత తినినను బరువు పెరగదని ఇప్పుడు ఊరూర చెప్పుచున్నారు. తూకమునకు తూకము చూచినచో కొర్రలలోను బియ్యములోను కెలోరీలు దాదాపు సమానమే. జొన్నరొట్టెలో పీచు ఎక్కువ, నమలవలసిన పని ఎక్కువ. అందుచేత ఒకటిన్నర రొట్టెతో చేయి ఆగును. ఆగుటలోనే ప్రయోజనము. రొట్టె మీద నూనె కారము ధారాళముగ పోసికొనినచో ఆ ప్రయోజనము పోయినట్లే. గ్రాము నూనెకు 9 కెలోరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో సవరించి ప్రకటించిన సూచనలలో, 2000 కెలోరీల భోజనమునకు ధాన్యములన్నియు కలిపి దినమునకు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు అని యున్నది. మన విస్తరిలో ధాన్యమునకును కూరకును ఉన్న పాళ్ళను తలచుకొనిన, ఈ అంకెలు ఎంత తలక్రిందులైనవో తెలియును.

బరువు నిలుపుకొన్నవారు ఏమి చేసిరని వెదకితిమి. అమెరికాలో 1994 నుండి ఒక పట్టిక వ్రాయుచున్నారు; 13.6 కిలోలకు తక్కువ గాకుండ తగ్గి, కనీసము ఏడాది నిలుపుకొన్నవారినే అందు చేర్చుకొందురు. వారిలో పెక్కుమంది దినమునకు ఇంచుమించు గంటసేపు నడచుటయో, అంతటి శ్రమ చేయుటయో కలదు. నాలుగింట మూడు వంతులవారు వారమున కొకసారియైనను తూగుదురు. బ్రిటనులో మధుమేహ రోగులకు జరిపిన ఒక ప్రయత్నము ఫలితములు 2017లో వెలువడినవి. అందు మామూలు భోజనమును ఒక్కసారిగా గాక కొన్ని వారములలో మెట్టుమెట్టుగ తిరిగి యిచ్చిరి. ఆపైన 2 కిలోలకు మించి పెరిగినవారికి ఆలస్యము చేయక మరల సహాయము చేసిరి. మాకు నచ్చినది ఈ రెండు కిలోల గీత. పది కిలోలు పెరిగిన పిమ్మట పోరాడుట వేరు, రెండింటి వద్ద మేలుకొనుట వేరు. మధుమేహమునకో, రక్తపోటునకో మందులు వాడువారు మాత్రము తిండిని మార్చునపుడు వైద్యుని అడిగియే మార్చవలెను. బరువుతోపాటు మందుల మోతాదు కూడ మారవలసి యుండవచ్చును.

మంచము క్రిందినుండి యంత్రమును బయటికి తీసితిమి. శుక్రవారము ఉదయమున తూగి, వంటింటి క్యాలెండరుపై అంకె వేయుచున్నాము; ఇంటివారందరు చూతురు. మొదట ఇది మాకు అవమానముగ తోచెను. మూడవ మాసమునకు మా పిల్లలే శుక్రవారమును గుర్తు చేయసాగిరి. ప్రత్యేక వంట మానివేసితిమి. ఒకరికొక కుండ, మిగిలినవారి కొక కుండ అయినచో ఆ వ్రతము ఎన్నాళ్ళో సాగదు. కూర రెట్టింపు వండి, అన్నపు గిన్నెను బల్లమీదికి తేక పొయ్యి వద్దనే ఉంచుచున్నాము. లేచి వెళ్ళి వడ్డించుకొనవలసి వచ్చినచో రెండవమారు అన్నము సగముసార్లు అక్కరలేకుండ పోవుచున్నది. బద్ధకము కూడ ఒక్కొక్కప్పుడు పనికివచ్చును.

ఊరిలో మాత్రము ఇవి చెల్లవు. అందుచేత ఈమారు ముందుగనే మా వదినెగారికి ఫోను చేసి, పండుగనాడు భక్ష్యము తప్పక తిందుమనియు, ఒక్కటియే తిందుమనియు, ఆనాటి రాత్రి మజ్జిగతో సరిపుచ్చుకొందుమనియు చెప్పితిమి. వద్దనువానిని బలవంతపెట్టుదురు గాని, ఎంత కావలెనో ముందు చెప్పినవానికి అంతే పెట్టుదురని మాకు ఆలస్యముగ తెలిసినది. ఉదయము కాలువగట్టున మా అన్నతో గంటసేపు నడచితిమి. శెనగ ధర తప్ప ఆయన వేరొక మాట ఆడలేదు.

నేటికి 14 కిలోలలో 11 నిలిచియున్నవి. ఈ ఉగాదినాడు పెద్దమ్మ విస్తరి ముందు కూర్చుండి, భక్ష్యము వేసి, రెండవదానికై చేయి చాచి, ఏదో జ్ఞాపకము వచ్చినట్లు ఆగెను.

"ఒకటేనంట కదా నీకు. మీ వదిన చెప్పింది" అని, నేతిగిన్నె దగ్గరికి జరుపుకొని, "అట్లయితే నెయ్యి రొంత ఎక్కువేస్తా" అనెను.