షోకేసులో సినిమా హీరో



ఇంటికెవరైనా వస్తే కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టడం మనకు అలవాటు. ఈమధ్య కొన్ని ఇళ్లలోకి కుర్చీ, కాఫీ అక్కర్లేని అతిథి ఒకడు దిగబడుతున్నాడు. అడుగు ఎత్తుంటాడు. అచ్చం సినిమాలో ఉన్నట్టే కత్తి పట్టుకునో, ఎగరబోతున్నట్టో నిలబడి ఉంటాడు. మన షోకేసులో వెండి కుంకుమ భరిణె పక్కనే తనకూ చోటు కావాలంటాడు. అతను సినిమా హీరో. అంటే హీరోగారి విగ్రహం. తెచ్చింది కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి. ఖరీదు వేలల్లో అని చెప్పగానే తల్లి గుండె గుభేలుమంటుంది. "ఈ డబ్బుతో మంచి మిక్సీ వచ్చేది కదరా!" అంటుంది. ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. ఇది చాలా ఇళ్లలో కథే కనుక, ఈవేళ దీన్ని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

మొదట ఒక్కటి ఆలోచించండి. బొమ్మల సరదా మనకేమైనా కొత్తా? సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే చేతులే కదా ఇవి! తెల్ల పొణికి కర్రతో చెక్కిన కొండపల్లి దశావతారాలను, అంబారీ ఏనుగును పాత చీర ముక్కల్లో చుట్టి, ట్రంకుపెట్టెలో దాచి, మళ్లీ ఏడాది తీసి తుడుచుకునేది మనమే. సినిమా హీరోను ఇంట్లో పెట్టుకోవడమూ కొత్త కాదు. 1957లో 'మాయాబజార్' వచ్చాక శ్రీకృష్ణుడంటే రామారావుగారి ముఖమే ఎందరి కళ్లముందో మెదిలింది. ఆయన కృష్ణుడి వేషంలో ఉన్న పటాలు పూజగదుల గోడలకు కూడా ఎక్కాయి. చిత్రమేమిటంటే, ఆ కొండపల్లి కూడా 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోనే ఉంది. కనుక అబ్బాయి సరదాను చూసి "ఇదేం పిచ్చిరా" అనేముందు మన ట్రంకుపెట్టెను ఒక్కసారి తలచుకోవడం న్యాయం.

అయితే ఇవాళ్టి ఈ విగ్రహాల వ్యాపారం వేరు. దీనికి పెద్ద ఊపు అమెరికాలో వచ్చింది. 1977 మే నెలలో 'స్టార్ వార్స్' సినిమా విడుదలై జనం విరగబడ్డారు. బొమ్మలు చేసే హక్కు కెన్నర్ అనే కంపెనీది. అంత గిరాకీ వాళ్లూ ఊహించలేదు. క్రిస్మస్ దగ్గరపడినా బొమ్మలు తయారు కాలేదు. అప్పుడేం చేశారో తెలుసా? బొమ్మలు లేని పెట్టె అమ్మారు! అందులో ఒక అట్ట, కొన్ని స్టిక్కర్లు, ఒక పత్రం ఉన్నాయి. ఆ పత్రం నింపి పంపితే 1978లో హీరో లూక్ స్కైవాకర్‌తో కలిపి నాలుగు బొమ్మలు పోస్టులో ఇంటికొస్తాయన్నమాట. తల్లిదండ్రులు అదీ కొన్నారు. మనిషి మనసు ఒక కథ మీద పడితే ఉత్త పెట్టెకు కూడా డబ్బిస్తుందని వ్యాపారులకు అప్పుడు బాగా తెలిసివచ్చింది. మనకూ తెలిసి ఉండటం మంచిది.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను. పెట్టె మీద '1/6' అనో '1/4' అనో ఉంటుంది. ఆరడుగుల మనిషిని ఆరో వంతుకు తగ్గిస్తే పన్నెండు అంగుళాలు, నాలుగో వంతుకు తగ్గిస్తే పద్దెనిమిది అంగుళాలు. షోకేసు అర ఎత్తు ముందే టేపుతో కొలుచుకోండి. బొమ్మ దేనితో చేశారో అడగండి. రెజిన్‌తో చేసినది చేతికి బరువుగా, చల్లగా ఉంటుంది. పనితనం ముచ్చటగా ఉంటుంది గాని, కిందపడితే పింగాణీలా విరుగుతుంది. పీవీసీది తేలిక, అంత సులువుగా పగలదు గాని, వేడి తగిలితే మెత్తబడి పక్కకు వాలుతుంది. కొన్నింటి పీఠం కింద 'మొత్తం ఇన్నింటిలో ఇది ఇన్నోది' అని అంకె వేసి ఉంటుంది. ఆ అంకెకూ, చెక్కు చెదరని అసలు పెట్టెకూ సేకరించేవాళ్లు విలువ ఇస్తారు. మా వీధిలో ఒకావిడ, పెట్టె అడ్డంగా ఉందని పాత పేపర్లవాడికి వేసేసింది. కొడుకు రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడకు అది అట్టపెట్టె, వాడికి అది సగం బొమ్మ!

ఇంట్లో చంటిపిల్లలుంటే మరీ జాగ్రత్త. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. ఈ విగ్రహాల పెట్టెల మీద 'ఇది ఆటబొమ్మ కాదు, పెద్దవాళ్లకు' అని రాసి ఉండటం తరచూ చూస్తాం. ఊడివచ్చే చిన్న చిన్న కత్తులు, చేతులు పసివాళ్ల నోట్లోకి పోతాయి. అందుకని తలుపున్న షోకేసులో, పై అరలో ఉంచండి. ఎండ నేరుగా పడితే రంగు వెలుస్తుంది. దుమ్ముకు మెత్తని కుంచె చాలు. స్పిరిటు, థిన్నరు తగలనివ్వకండి, రంగు లేచిపోతుంది.

చివరికి అసలు సంగతి, డబ్బు. "అమ్మా, రేపు దీని ధర రెట్టింపవుతుంది" అంటాడు అబ్బాయి. కొన్నింటికి పెరగొచ్చు, కాని కొనేవాడు దొరికినప్పుడే అది ధర. బంగారమైతే ఏ ఊళ్లోనైనా తాకట్టుకు పనికొస్తుంది, హీరోగారిని ఏ బ్యాంకూ తాకట్టు పట్టదు. అందుకని దీన్ని పొదుపు అనుకోవద్దు, సరదా అనే అనుకోండి. సరదాకు ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఇంటి ఖర్చుకు ఇవ్వవలసింది ఇచ్చి, దాచవలసింది దాచి, మిగిలినదాంట్లో కొనుక్కోమనండి. అప్పు చేసిగాని, వాయిదాల మీదగాని కొనవద్దని గట్టిగా చెప్పండి. దుమ్ము దులిపే పని మాత్రం కొన్నవాడిదే! ఈ షరతు మరిచిపోకండేం.

ఇంకొక్క మాట. ఇంట్లో అందరి సరదాలకూ చోటు వెతికే ఇల్లాలు తన సరదాను అటక మీదికి ఎక్కించేస్తుంది. అబ్బాయి హీరోకు ఒక అర ఇచ్చినప్పుడు మీ కొండపల్లి బొమ్మలకూ ఒక అర అడిగి తీసుకోండి. ఒకరికి ప్రియమైన వస్తువును ఇంకొకరు చులకన చేయని ఇంట్లో మాటకు మాట పెరగదు. చోటంటారా, సర్దుకుంటే దొరక్కపోదు.

సెలవు.