కొండమడుగునకు పోవువారు



మన తిరుపతి జిల్లాలోని సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో 2008వ సంవత్సరమున శ్రీ సిటీ వెలసిన పిమ్మట పెక్కు రాష్ట్రముల యువకులు ఉద్యోగములకై వచ్చి యిచ్చట నివసించుచున్నారు. సెలవుదినములందు వీరిలో కొందఱును, చెన్నపట్టణమునుండి వచ్చు మఱికొందఱును మూపున సంచి తగిలించుకొని కంబాకము కొండలలోని ఉబ్బలమడుగునకు కాలినడకను పోవుట కలదు. శివరాత్రికి మన పల్లెలవారును ఆ కోనకు పోవుదురు.

నలుబది యేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను. సెలయేటిని కన్నులార చూచినగాని సెలయేటి వర్ణనము బాలునకు పట్టుబడదని యెఱుగుదును. కావున పోవలదని చెప్పను. ఎఱిగి పోవలెనని చెప్పుదును.

చెరువు మనుష్యుడు కట్టినది. దానికి కట్టయు తూమును కలవు. లోతు ఊరివారందఱకు తెలియును. మడుగు అట్టిది కాదు. పైనుండి పడు నీరు తరతరములుగా ఱాతిని తొలిచిన గుంట యది. ఒడ్డున మోకాలిబంటిగా నుండి, మఱుసటి యడుగున నిలువులోతు కావచ్చును. తేటనీరు కన్నును మోసగించును: పైనుండి చూచువానికి 8 అడుగుల లోతు 6 అడుగులుగా తోచును. పాచిపట్టిన బండపై ఈతగానికైనను పట్టు చిక్కదు. ఆశ్వయుజ కార్తికములలో ఇచ్చట ఎండ కాయుచున్నను, కొండమీద కురిసిన వాన వాగును చూచుచుండగనే నింపివేయును. ఇట్టి కోనలలో యువకులు ప్రాణములు కోల్పోయిన సందర్భములు కలవు.

పోతన్నగారి భాగవతమున గజేంద్రుడు దిగినదియు కొండకొలనే, త్రికూటపర్వతము నందలిది. ఆ కథలో మనము భక్తిని చూతుము. దానితోపాటు మఱియొక సత్యమును కలదు. నేలపై ఎదురులేని యేనుగు నీట మొసలికి చిక్కెను. బలము స్థానమును బట్టి యుండును.

కావున నా విన్నపమిది. దారి యడిగినవారికి దారితోపాటు మడుగు సంగతియు చెప్పుడు. అటవీశాఖవారి యనుమతి కలదో లేదో విచారించి, నలుగురు కలసి పోవలెననియు, మబ్బు కనబడినచో వెనుదిరుగవలెననియు, ప్రొద్దు గ్రుంకకమున్నే కొండ దిగవలెననియు, తెచ్చినదానిలో మిగిలిన చెత్తను మరల మోసికొని పోవలెననియు బోధింపుడు. భాష తెలియనివారికి చేసన్నతోనైనను లోతు చూపుడు. వారు మన యూరికి వచ్చిన బిడ్డలు. వారి తల్లిదండ్రులు దూరదేశమున ఎదురుచూచుచుందురు.