చిన్న వ్యాపారమునకు ఎంత బ్రాడ్‌బ్యాండ్ వేగము కావలెను?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున ఒక దుకాణము తెరవదలచినవాడు ఇదివరలో మూడు సంగతులు విచారించుకొనెడివాడు. అద్దె యెంత, కరెంటు కనెక్షను ఉన్నదా, జనము తిరుగు వీధియేనా అని. నేడు నాలుగవది చేరినది. ఇంటర్నెట్టుకు ఏ పథకము తీసికొనవలెను, ఎంత వేగమునకు నెలకు ఎంత చెల్లింపవలెను అనునది ఆ నాలుగవది. ఈ ప్రశ్నను అతడు తరచుగా అడుగునది కనెక్షను అమ్ముటకు వచ్చిన మనిషినే. ఆ మనిషి సహజముగా పెద్ద పథకమునే చూపును. ఊరిలో పదిమంది సలహా కొఱకు వచ్చు మీవంటివారికి ఈ లెక్క కొంత తెలిసియుండుట అవసరము. పంచాయతీ కార్యాలయమునకు తీసికొను కనెక్షనుకు గూడ ఇదే లెక్క వర్తించును.

గ్రామములకు ఫైబరు తీగ చేర్చు పనికి భారత ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదము తెలిపినది. 2015లో ఆ కార్యక్రమమునకు భారత్‌నెట్ అను పేరు వచ్చినది. 2023 ఆగస్టులో దానిని సవరించి 1,39,579 కోట్ల రూపాయల వ్యయమునకు అనుమతి ఇచ్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంస్థ చాలవరకు విద్యుత్ స్తంభముల మీదుగానే తీగ లాగినది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించిరి. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టముల కొఱకు త్రవ్విన కందకములలోనే ఫైబరుకును దారి కల్పించిరి. వీనికి తోడు ప్రైవేటు సంస్థలును, కేబుల్ ఆపరేటర్లును ఉన్నారు. కావున చాల గ్రామములలో నేడు చిక్కు లైను లేకపోవుట కాదు, ఉన్న పథకములలో దేనిని ఎంచుకొనవలెననుటయే.

మొదట కొలత సంగతి. పథకముల మీద వ్రాయు 30, 40, 100, 300 అను అంకెలు సెకనుకు ఇన్ని మెగాబిట్లని అర్థము. మన ఫోనులో ఫోటో పరిమాణము, సినిమా పరిమాణము చూపునది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. అనగా 40 మెగాబిట్ల కనెక్షను మీద సెకనుకు 5 మెగాబైట్లు మాత్రమే దిగును. ఇది తెలియక, "40 అని చెప్పి 5 ఇచ్చుచున్నా"రని ఆపరేటరుతో తగవు పడినవారు కలరు. అది మోసము కాదు. ధాన్యమును ఒకచోట పుట్లలోను, మరియొకచోట బస్తాలలోను కొలిచినట్లు కొలమానము వేరు. మన దేశమున బ్రాడ్‌బ్యాండ్ అని పిలుచుటకు కనీస వేగము పూర్వము సెకనుకు 512 కిలోబిట్లుగా నుండెను. 2023 జనవరిలో దానిని 2 మెగాబిట్లకు పెంచిరి.

వేగమును, వాడిన డేటాను వేరుగా చూడవలెను. కాలువ క్రింద వ్యవసాయము చేయువారికి ఇది చెప్పనక్కరలేదు. తూము వెడల్పు వేగము. నెలలో పొలమునకు పారిన నీరు డేటా. తూము ఎంత వెడల్పైనను, ఇచ్చు నీటికి హద్దు పెట్టినచో ఆ హద్దు దాటిన పిదప ధార సన్నగిలును. "అపరిమితము" అని అమ్ము పథకములలో గూడ తరచుగా ఇట్టి హద్దు ఉండును. కొన్నిటిలో అది నెలకు 3300 గిగాబైట్లు, చౌక పథకములలో అంతకంటె చాల తక్కువ. హద్దు ఎంత, అది దాటిన పిదప వేగము ఎంతకు పడిపోవును అను రెండు ప్రశ్నలు కాగితము మీద సంతకము చేయకమునుపే అడుగవలెను.

ఇక దుకాణముల సంగతికి వత్తము. కిరాణా దుకాణమునే తీసికొనుడు. అక్కడ జరుగు పని ఏమి? కొనువారు ఫోనుతో యూపీఐ ద్వారా డబ్బు చెల్లింతురు. అట్టి ఒక చెల్లింపునకు పట్టు డేటా కొద్ది కిలోబైట్లు మాత్రమే. అదియు కొనువాని ఫోనులోని సిమ్ము మీద పోవును. "డబ్బు ముట్టినది" అని పలుకు పెట్టెలో సాధారణముగా దాని సిమ్ము దానికే ఉండును. దుకాణదారుకు సరకు ఆర్డరు పంపుటకు, బిల్లులు వ్రాయుటకు, జీఎస్టీ రిటర్ను వేయుటకు లైను కావలెను. వీనికన్నిటికి సంస్థ అమ్ము అతి చిన్న పథకమే మిగులు. ఇట్టివానికి 200 మెగాబిట్ల పథకము అంటగట్టుట, ఎకరము మడికి నాలుగు మోటార్లు బిగించుట వంటిది. ఇల్లును దుకాణమును ఒకే కప్పు క్రింద ఉండి, సాయంకాలము ఇంటివారు అదే లైను మీద సినిమాలు చూచునట్లయిన లెక్క మారును. మంచి స్పష్టతగల బొమ్మకు సుమారు 5 మెగాబిట్లు, అత్యంత స్పష్టమైన ఫోర్-కే బొమ్మకు 15 నుండి 25 మెగాబిట్లు పట్టును. అయితే అది వ్యాపారపు ఖర్చు కాదు, ఇంటి ఖర్చు. ఆ రెంటిని కలిపి దుకాణపు ఖాతాలో వ్రాయుట నాకు సమ్మతము కాదు.

ఫోటో స్టూడియోవాని అవస్థ దీనికి పూర్తిగా వేరు. పెండ్లి ఫోటోలు తీసి, ఆల్బము కొఱకు వానిని పట్టణమందలి ల్యాబునకు పంపవలెను. ఒక పెండ్లికి 20 గిగాబైట్లు అగుట వింత కాదు. ఇక్కడ కావలసినది మన యింటికి దిగు వేగము కాదు, మన యింటినుండి పైకి పోవు వేగము. పథకపు ప్రకటనలో పెద్ద అక్షరములతో వ్రాయునది తరచుగా దిగు వేగము. పైకి పోవు వేగము కొన్నిటిలో దానికి సమానము, కొన్నిటిలో దానిలో సగమో, అంతకంటె తక్కువయో. 20 గిగాబైట్లు అనగా 1,60,000 మెగాబిట్లు. పైకి పోవు వేగము 10 మెగాబిట్లైన 16,000 సెకన్లు, అనగా సుమారు నాలుగున్నర గంటలు పట్టును. 50 మెగాబిట్లైన గంటలోపుననే ముగియును. ముహూర్తముల నెలలో రోజుకొక పెండ్లి ఉన్నవానికి ఈ తేడా పని చేతికి దక్కుటకును, దక్కకపోవుటకును గల తేడా. అట్టివాడు దిగు వేగము 100 అయి పైకి 10 ఇచ్చు పథకమును వదలి, రెండు దిక్కులను 50 ఇచ్చు పథకమును తీసికొనవలెను. మగ్గము బట్టలను ఫోటోలు, వీడియోలు తీసి ఊరినుండియే అమ్ముచున్న నేతపనివారికిని, వీడియో ద్వారా చీరలు చూపి బేరము చేయు దుకాణములకును ఇదే మాట. వీడియోలో మాటలాడుటకు ఒక్కొక్క దిక్కునకు సుమారు 3 మెగాబిట్లు చాలును. కాని ఆ 3 ఎడతెగక రావలెను.

మీ-సేవ కేంద్రమో, నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ కేంద్రమో ఉన్నదనుకొందము. ఒక్కొక్క కంప్యూటరు మీద దరఖాస్తు నింపుట, కాగితములు స్కాను చేసి పంపుట జరుగును. 2 మెగాబైట్ల స్కాను కాగితము 10 మెగాబిట్ల వేగముతో రెండు సెకన్లలోపుననే పోవును. నాలుగు కంప్యూటర్లు ఒకేసారి పని చేసినను రెండు దిక్కులను 30 లేక 40 మెగాబిట్లు ధారాళముగా సరిపోవును. అయినను "మా లైను మెల్లగా నున్నది, పెద్ద పథకము కావలె"నని వీరే ఎక్కువగా అందురు. పరీక్షా ఫలితములు వచ్చిన రోజున, దరఖాస్తుల గడువు ముగియు రోజున అందరు ఒకే వెబ్‌సైటు మీద పడినందున అవతలి సర్వరు మొరాయించుచుండును. అందుకు మన లైను పెంచి లాభము లేదు. అదే సమయమున వేరొక వెబ్‌సైటు తెరచి చూచిన దోషము ఎక్కడ ఉన్నదో తెలిసిపోవును.

సీసీ కెమెరాల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను, ఏలయనగా గ్రామములలో ఇవి వేగముగా పెరుగుచున్నవి. చిత్రము దుకాణములోని డి.వి.ఆర్. పెట్టెలోనే భద్రమగునట్లయిన ఇంటర్నెట్టుతో పని లేదు. యజమాని ఫోనులో చూచినప్పుడే కొంత డేటా పోవును. కాని చిత్రమంతయు ఎల్లవేళల ఇంటర్నెట్టు ద్వారా కంపెనీ సర్వరునకు పోవు కెమెరాలు కూడ అమ్ముచున్నారు. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపునని కొనుడు. దినమునకు 21.6 గిగాబైట్లు, నెలకు సుమారు 648. నాలుగు కెమెరాలైన 2,592 గిగాబైట్లు. ఇందాక చెప్పిన 3300 హద్దులో మిగులునది 700 మాత్రమే. హద్దు తక్కువగానున్న పథకమైన పది దినములు తిరుగకమునుపే వేగము పడిపోయి, గల్లాపెట్టె వద్ద బిల్లింగు ఆగిపోవును. కెమెరాలు బిగించిన పిదప లైను మెల్లబడినదని ఎవరైన మొఱపెట్టుకొనిన, పథకము మార్చకమునుపు ఈ లెక్క చూడుడు.

ఒకే వేగము కొన్న ఇద్దరికి ఒకే వేగము రాకపోవుటకు కారణము ఉన్నది. ఫైబరు కనెక్షనులలో సాధారణముగా ఒక మూల తీగను చీల్చి 32 లేక 64 ఇండ్లకు పంచుదురు. జీపాన్ అను పద్ధతిలో ఆ మూల తీగలో దిగు వేగము సుమారు 2,488 మెగాబిట్లు. 64 ఇండ్లవారు ఒక్క క్షణమున నిండుగా వాడిన తలకు 39 మెగాబిట్లే వచ్చును, 32 ఇండ్లైన 78. అందరు ఒకేసారి వాడరు గనుక 100 మెగాబిట్ల పథకములు నడచుచున్నవి. అయితే పైనుండి ఊరికి వచ్చు లైనే సన్నముగా నున్నచో, ఆయకట్టు చివరి రైతుకు నీరు అందనట్లే రాత్రి యేడు మొదలు పది వరకు వేగము పడిపోవును. కావున క్రొత్త కనెక్షను తీసికొనువాడు అదే ఆపరేటరు లైను ఉన్న పొరుగువాని వద్దకు పోయి, రాత్రి యెనిమిది గంటల వేళ వేగము కొలిచి చూడవలెను. మధ్యాహ్నము కొలిచి చూపు అంకెను నమ్మరాదు. కొలుచునప్పుడు కంప్యూటరును రౌటరునకు కేబులుతో కలిపి కొలువవలెను. ఫోనులో వైఫై మీద కొలిచిన అంకె గోడలనుబట్టి మారును. రౌటరును ఇనుప బీరువా వెనుక పెట్టి, లైను బాగులేదని పెద్ద పథకమునకు మారినవారిని నేను చూచితిని. బీరువా మాత్రము అక్కడనే ఉన్నది.

ధర విషయమున రెండు మాటలు. ప్రకటించిన ధర మీద 18 శాతము జీఎస్టీ పడును. 500 అన్నది 590 అగును. జీఎస్టీ నమోదు కలిగి సాధారణ పద్ధతిలో పన్ను చెల్లించు వ్యాపారి, బిల్లు తన సంస్థ పేరున, తన జీఎస్టీ నంబరుతో తీసికొన్నయెడల ఆ 90 రూపాయలను తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. కాంపోజిషను పద్ధతిలో నున్నవానికి ఈ వీలు లేదు. సంవత్సరపు సొమ్ము ఒకేసారి కట్టిన కొంత తగ్గింపు ఇత్తురు. రెండు మూడు నెలలు వాడి చూడకుండ అట్లు కట్టుట తొందరపాటు.

కరెంటు పోయినప్పుడు ఫైబరు తీగకు ఏమియు కాదు, దాని చివరనున్న పెట్టె ఆగిపోవును. ఆ పెట్టె చాల తక్కువ కరెంటు తినును. చిన్న బ్యాటరీ యూపీఎస్ ఒకటి దానికి కొన్ని గంటలు సరిపోవును. స్తంభముల మీద పోవు తీగ గాలివానకు తెగవచ్చును గనుక, వేరొక సంస్థ సిమ్ము ఒకటి ఫోనులో ఉంచుకొనవలెను. నా దృష్టిలో చిన్న వ్యాపారికి 100 నుండి 200కు పెంచిన వేగముకంటె ఈ రెండే ఎక్కువ అక్కఱకు వచ్చును.

ఇందు పంచాయతీ చేయవలసిన పని యొకటి కలదు. మురుగు కాలువకో, సిమెంటు రోడ్డునకో జేసీబీ పెట్టి త్రవ్వినప్పుడు భూమిలోని ఫైబరు తెగి ఊరంతటికి లైను పోవుచున్నది. దీనిని నివారించుటకు కేంద్ర ప్రభుత్వము 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" అను ఫోను యాప్‌ను ప్రవేశపెట్టినది. త్రవ్వకమునుపు అందులో స్థలము నమోదు చేసిన, అక్కడ తీగలు ఉన్న సంస్థలకు కబురు చేరును. గుత్తేదారునకు పని అప్పగించు కాగితములోనే ఈ నియమము వ్రాయించుడు.

ఇక లైను దినముల తరబడి పనిచేయకున్న, చెప్పిన వేగము రాకున్న, వ్యాపారి మొదట సంస్థ ఫిర్యాదు కేంద్రమునకు తెలిపి డాకెట్ నంబరు తీసికొనవలెను. ఆపరేటరునకు నోటితో చెప్పినది ఫిర్యాదుగా నమోదు కాదు. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారము, అక్కడ పరిష్కారము కానిచో అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. అందుకు రుసుము లేదు. ఆ డాకెట్ నంబరును, రాత్రివేళ కొలిచిన వేగముల పట్టికయు జతపరచిన చాలును.